ముందు సిమ్ తియ్యాలి

హ్యాక్ అయిన ఫోన్‌ను బాగుచేసే పని ఆ ఫోన్ మీద మొదలుకాదు. ముందు సిమ్ తియ్యాలి. ఇంట్లో ఎవరో ఒకరి దగ్గర బటన్ల చిన్న ఫోన్ ఉంటుంది కదా, అందులో వెయ్యాలి. సూర్యాపేటలో మా చుట్టాలు, వాడకట్టు వాళ్లు ఫోన్ తేడా చేసిందని పట్టుకొస్తే వేరే మాట ఎత్తకముందే నేను చేసే పని ఇదే. దొంగకు కావాల్సింది ఆ నంబరుకు వచ్చే ఓటీపీ. సిమ్ చిన్న ఫోన్‌లోకి మారిందంటే కొత్తగా మెసేజ్‌లో వచ్చే ఓటీపీ వాడి కంట పడదు. జియో సిమ్ పాత టూజీ ఫోన్లలో నడవదు. దానికి జియో భారత్ లాంటి ఫోర్‌జీ బటన్ ఫోన్ కావాలి, లేదంటే నమ్మకమైన వాళ్ల ఇంకో స్మార్ట్‌ఫోన్. ఇక చెడిన ఫోన్ సంగతంటారా, వైఫై కూడా ఆపేసి పక్కన పెట్టెయ్యడమే. అది ఆగుతుంది. పైసలు ఆగవు.

ఆ చిన్న ఫోన్ నుంచే 1930కి కొట్టాలి. దేశమంతటికీ ఒకటే నంబరు. మన రాష్ట్రంలో ఆ ఫిర్యాదులను చూసేది తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో. పోయిన సొమ్ము ఒక ఖాతాలో పడి ఊరుకోదు. అక్కడినుంచి ఇంకోదానికి, ఇంకోదానికి చీలిపోతూ చివరికి ఎక్కడో ఏటీఎంలో నోట్లవుతుంది. నోట్లయ్యేలోపు ఫిర్యాదు అందితే ఆ దారిలోని బ్యాంకులు దాన్ని అక్కడికక్కడే నిలిపేస్తాయి. అలా నిలిచిన డబ్బును 2024 నుంచి మన రాష్ట్రంలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. 1930కి చెప్పిన వెంటనే బ్యాంకుకూ చెప్పి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించాలి. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం తప్పు ఖాతాదారుదే అయినా సరే, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకు భరించాలి. అందుకే ఫిర్యాదు నంబరు రాయించుకోకుండా ఫోన్ పెట్టెయ్యనివ్వను.

ఇదంతా చెప్పినంత తేలిగ్గా జరగదు. మనిషి నోరు విప్పడు. "ఏం నొక్కినవ్ కాకా?" అంటే "నేనేం నొక్కలే బిడ్డా, దానంతట అదే అయింది" అంటాడు. వెనక నిలబడ్డ కొడుకు "ఎన్నిసార్లు చెప్పిన నీకు" అని మొదలుపెడతాడు. అంతే, పెద్దాయన తల దించుకుంటాడు. ఇక ఒక్క ముక్క బయటికి రాదు. నాకేమో ఆ ముక్కే కావాలి. ఏ ఫైలు, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, అది తెరిచాక ఏమేం అడిగింది, ఈయన ఏమేం నింపాడు, కార్డు మీది అంకెలు కొట్టాడా, పిన్ను కొట్టాడా? ఇవి తెలియకుండా ఫోన్ తుడవడం అంటే రోగం అడక్కుండా మందు రాయడమే. కొడుకును బయటికి పంపి అడుగుతాను. తిట్టు పడదని తెలిస్తే మనిషి అన్నీ చెబుతాడు. ఈ పనిలో నాకు తెలిసిన అసలు నేర్పు ఇదే. నిన్న మధ్యాహ్నం జరిగింది ఈరోజు సాయంత్రానికి నా దగ్గరికి వస్తోందంటే, మధ్యలో పోయిన కాలమంతా ఇంట్లో వాళ్లకు చెప్పలేక మింగిన కాలమే.

ఇంతకీ వాట్సాప్‌లో వచ్చే ఆ ఫైలు పేరు చాలాసార్లు పీఎం కిసాన్ అని ఉంటుంది. లేదా ఆర్టీవో చలాన్. మా దగ్గరి కోదాడ అరవై అయిదో నంబరు హైవే మీద, రాష్ట్ర సరిహద్దులో ఉన్న ఊరు. లారీ, ఆటో, బండి, ఏదో ఒకటి లేని ఇల్లు తక్కువ. చలాన్లు నిజంగానే పడుతుంటాయి కాబట్టి చలాన్ ఫైలు వస్తే తెరిచి చూస్తారు. మిర్యాలగూడ వైపు అంతా సాగర్ ఎడమ కాలువ కింది వరి, దాని చుట్టూ రైస్ మిల్లులు. పీఎం కిసాన్ కింద ఏడాదికి 6000, మూడు విడతలుగా ఖాతాలో పడుతుంది. ఐకేపీ కొనుగోలు సెంటర్లలో కాంటా అయిన వడ్ల పైసలూ ఖాతాలోకే వస్తాయి. పైసల కోసం ఫోన్ వైపు చూసే రైతుకు ఆ పేరుతో ఫైలు వస్తే అనుమానం ఎందుకొస్తుంది? పైగా పంపింది ఎవరో ముక్కూ మొహం తెలియని వాడు కాదు, సొంత బావమరిదో, ఊరి వాట్సాప్ గ్రూపో. ఆశపడి నొక్కారని వాళ్లను అనే మాట నాకు అస్సలు నచ్చదు. సర్కారు ఇచ్చే పైసలు తనకు రావాలనుకోవడం ఆశ ఎట్లా అవుతుంది?

చివర ఏపీకే అని ఉండే ఆ ఫైలు ప్లేస్టోర్‌తో సంబంధం లేకుండా నేరుగా యాప్ ఎక్కిస్తుంది. ఎక్కగానే ఎస్‌ఎమ్మెస్‌లు చదవనివ్వమంటుంది, నోటిఫికేషన్లు చూడనివ్వమంటుంది. అన్నిటికంటే ప్రమాదమైనది యాక్సెసిబిలిటీ. చూపు సరిగా లేనివాళ్లకు తెర మీది అక్షరాలు చదివి వినిపించడానికీ, చేతులు ఆడనివాళ్ల బదులు బటన్లు నొక్కడానికీ పెట్టిన సదుపాయం అది. ఆ అనుమతి దొరికితే దొంగ యాప్ తెరను చదువుతుంది, మన బదులు అదే నొక్కుతుంది. తీసేద్దామని సెట్టింగ్స్‌లోకి వెళ్తే వెంటనే వెనక్కి నెట్టేస్తుంది. కొన్నయితే బొమ్మ కూడా కనపడకుండా దాక్కుంటాయి. ఫోన్ దానంతట అదే చేస్తోందని ఆ పెద్దాయన అన్నది చూస్తే పూర్తిగా అబద్ధమూ కాదు.

తుడిచే ముందు సాక్ష్యం భద్రం చెయ్యాలి. ఆ మెసేజ్, పంపిన నంబరు, ఫైలు పేరు, తేదీ, టైము, అన్నిటినీ ఇంకో ఫోన్‌తో ఫొటోలు తీసి పెడతాను. రీసెట్ చేశాక పోలీసులకు చూపించడానికి ఏమీ మిగలదు. తర్వాత సేఫ్ మోడ్. చాలా ఫోన్లలో పవర్ ఆఫ్ అని వచ్చిన దాని మీద వేలు నొక్కిపట్టి ఉంచితే అడుగుతుంది. అందులో బయటినుంచి ఎక్కించిన యాప్‌లు నడవవు కాబట్టి దొంగ యాప్ నెట్టెయ్యలేదు. యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు తీసేసి, దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, ఫొటోలు, కాంటాక్టులు దాచుకుంటాను. యాప్ పోయింది కదా, ఇక చాలంటారు కొందరు రిపేరు వాళ్లు. నేను ఒప్పుకోను. అది ఇంకేం దించి పెట్టిందో చేత్తో వెతికి తేల్చలేం. ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యాల్సిందే.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. రీసెట్ అయిన ఆండ్రాయిడ్ ఫోన్ తిరిగి లేచేటప్పుడు పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడగవచ్చు, దొంగిలించిన ఫోన్లు పనికిరాకుండా ఉండటానికి. "జీమెయిల్ పాస్‌వర్డ్ ఏంది కాకా?" అంటే ఆయన నా మొహం చూస్తాడు. జీమెయిల్ అనేది ఒకటి తనకుందనే ఆయనకు తెలియదు. ఫోన్ కొన్నరోజు షాపులో కుర్రాడు టకటకా చేసిచ్చాడు. పాస్‌వర్డ్ వాడికే తెలుసు, లేదా ఫోన్ నంబరే పాస్‌వర్డ్. రికవరీ నంబరు ఎప్పుడో పారేసిన సిమ్‌ది. ఒక మనిషి ఫొటోలు, కాంటాక్టులు, బ్యాంకు మెయిళ్లు అన్నీ ఉన్న పెట్టెకు తాళంచెవి ఆయన దగ్గర ఎన్నడూ లేదు. సూర్యాపేటలోనైనా కోదాడలోనైనా ఏపీకే ఫైలు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. అందుకే పాస్‌వర్డ్ చేతికి రాకుండా రీసెట్ జోలికి పోను. శుభ్రంగా ఉన్న వేరే ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి, రికవరీ నంబరు మార్చి, ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో చూసి, తెలియని పరికరాలన్నిటినీ తీసేయించి, కొత్త పాస్‌వర్డ్ పెట్టిస్తాను. టైపు చెయ్యడం ఆయన వేలితోనే. ఎంతసేపైనా పట్టనీ. తర్వాత ఒక కాగితం మీద ఆయన చేతే రాయించి, పట్టాదారు పాసుబుక్కు ఎక్కడ పెడతారో అక్కడే పెట్టుకొమ్మంటాను. పాస్‌వర్డ్ కాగితం మీద రాయొద్దని చెప్పేవాళ్లున్నారు. ఎక్కడో కూర్చున్న దొంగ మన ఇంటికొచ్చి బీరువా తెరవలేడు.

రీసెట్ అయ్యాక బ్యాకప్ నుంచి యాప్‌లు వెనక్కి తేకూడదు. కావాల్సినవి ప్లేస్టోర్ నుంచి ఒక్కొక్కటే ఎక్కించుకోవాలి. ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందా చూడాలి; దాన్ని ఆపెయ్యమని దొంగలే చెబుతారు. కాల్ ఫార్వర్డింగ్ ఎవరికైనా పెట్టి ఉందేమో చూసి తీసెయ్యాలి. సిమ్‌కు పిన్ లాక్ పెట్టాలి. వాట్సాప్ మన నంబరుతో మళ్లీ రిజిస్టర్ చేస్తే దొంగ దగ్గరున్నది దానంతట అదే లాగౌట్ అవుతుంది. వాడు టూ స్టెప్ పిన్ పెట్టి ఉంటే మనకు తెరుచుకోవడానికి ఏడు రోజులు ఆగాలి, కానీ ఆ ఏడు రోజులూ వాడూ అందులో ఉండలేడు. తెరుచుకోగానే మన పిన్ మనం పెట్టుకోవాలి.

ఫోన్ వేడెక్కుతోంది, బ్యాటరీ దిగిపోతోంది, ఎవరో వింటున్నారు అంటూ వచ్చేవాళ్లూ ఉంటారు. 2021లో పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ గురించి పేపర్లలో వచ్చినప్పటి నుంచి ఈ భయం ఉంది. అంత ఖరీదైన నిఘా వేరే లోకం. సేఫ్ మోడ్‌కు దొరికేది కాదు. వీళ్ల ఫోన్లలో నాకు ఎక్కువగా కనపడేది మాత్రం నాలుగేళ్ల పాత బ్యాటరీ, అప్‌డేట్లు ఆగిపోయిన ఆండ్రాయిడ్. ఆ అప్‌డేట్ల సంగతిని పట్టించుకోవాలి, ఎందుకంటే సెక్యూరిటీ ప్యాచ్‌లు రాని ఫోన్‌లో బ్యాంకు యాప్ పెట్టుకోవద్దనే నేను చెబుతాను.

ఇంకో మాట. పోయిన సొమ్ము తెచ్చిస్తాం, హ్యాకర్‌ను తీసేస్తామంటూ గూగుల్‌లో దొరికే నంబర్లకు ఫోన్ చెయ్యొద్దు. తెర పంచుకునే యాప్ ఒకటి ఎక్కించమంటారు, మిగిలింది కూడా ఊడ్చుకుపోతారు.

అన్నీ అయ్యాక చిన్న ఫోన్‌లోని సిమ్ పెద్ద ఫోన్‌లోకి వస్తుంది. అప్పటికి ఆయన పేరుతో అదే ఫైలు ఎన్ని గ్రూపుల్లోకి వెళ్లిపోయిందో వెతుకుతాం. మిల్లు హమాలీల గ్రూపు, కులపోళ్ల గ్రూపు, పెద్దగట్టు జాతరకు కలిసి పోయినప్పుడు చేసిన గ్రూపు. ఫైలు తీసెయ్యడానికి వీలున్న చోట అందరికీ తీసెయ్యమంటాను. తర్వాత వాయిస్ మెసేజ్ పెట్టమంటాను, రాస్తే చదవరు కాబట్టి. ఈ పనికి మాత్రం చాలామంది వెనకాడతారు, పరువు పోతుందని. బతిమాలతాను. "నేనే మాట్లాడుతున్న. నా పేరు మీద వచ్చిన ఫైలు నేను పంపలే. తెరవకుండ్రి. తెరిచినోళ్లు సిమ్ తీసి, 1930కి ఫోన్ చెయ్యుండ్రి." ఇంతే చెప్పమంటాను. అది పోయిన కాసేపటికి గ్రూపులో ఎవరో ఒకరు విడిగా ఫోన్ చేస్తారు: "మామా, నేను నిన్ననే నొక్కిన, ఇంట్ల చెప్పలే. ఇప్పుడేం చెయ్యాలె?"