తిరిగి వచ్చింది పాత్రా, నటుడా? - ‘గూఢచారి 116’ అనంతర చిత్రాల పరిశీలన

1. ఉపోద్ఘాతం:
గూఢచారి చిత్రంలోకి తొలి కథానాయకుడు కొంతకాలానికి తిరిగి రావడాన్ని ప్రచారాంశంగా మాత్రమే చూడడం పరిపాటి. అయితే అప్పుడు తిరిగి వచ్చేది పాత్రా, నటుడా అన్నది విమర్శ పట్టించుకోవలసిన ప్రశ్న. డూండీ నిర్మాణంలో, ఎం. మల్లికార్జునరావు దర్శకత్వంలో 1966లో వచ్చిన ‘గూఢచారి 116’ తర్వాతి చిత్రాలు దీనికి హిందీలో ఒక సమాధానాన్ని, తెలుగులో మరొక సమాధానాన్ని ఇచ్చాయి.

2. సంఖ్య కలిపిన వరుస:
‘గూఢచారి 116’కు హిందీ రూపం ‘ఫర్జ్’ (1967). రవికాంత్ నగాయిచ్ దర్శకత్వం వహించిన ఆ చిత్రం జితేంద్రను తారగా నిలబెట్టింది. నగాయిచే తీసిన ‘కీమత్’ (1973)లో ఏజెంట్ 116గా ధర్మేంద్ర నటించాడు. 1980ల తొలినాళ్లలో ‘రక్ష’తో జితేంద్ర మళ్ళీ ఆ పాత్ర ధరించాడు. నటుడు మారినా సంఖ్య నిలిచింది. అందుకే ఆ రాక పునరాగమనమైంది. ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’ (1971)లో షాన్ కానరీ రాక కూడా ఇటువంటిదే. మధ్యలో జార్జ్ లేజెన్‌బీ నటించినా బాండ్ పాత్ర కొనసాగింది.

3. నటుడు కలిపిన వరుస:
తెలుగులో కృష్ణ కథానాయకుడిగా ‘జేమ్స్ బాండ్ 777’ (1971), ‘ఏజెంట్ గోపి’ (1978), ‘రహస్య గూఢచారి’ (1981) వచ్చాయి. మూడింటికీ దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. ఏ శీర్షికలోనూ 116 లేదు. వీటిని ఒక వరుసగా నిలిపింది కృష్ణ రూపమే. 1966లో గూఢచారి పాత్ర ఒక కొత్త నటుడిని నిలబెట్టింది. 1978 నాటికి తారే ఆ పాత్రను నిలబెట్టాడు.

4. మరుగుపడిన వైరుధ్యం:
నటుడే వరుసకు ఆధారమైనప్పుడు అతని ఇతర పాత్రలూ వెంట వస్తాయి. ‘అల్లూరి సీతారామరాజు’ (1974)లో రాజ్యాన్ని ఎదిరించిన కృష్ణే నాలుగేళ్లకు రాజ్యం పక్షాన ఏజెంటయ్యాడు. ఒకటి వలసరాజ్యం, మరొకటి స్వతంత్ర రాజ్యం అని సమాధానం చెప్పవచ్చు. కానీ జనగామ ప్రాంత చరిత్ర ముందు ఆ సమాధానం చాలదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య అమరత్వంతో ఉధృతమైన సాయుధ పోరాటం, 1948లో నిజాం పాలన ముగిశాక కూడా 1951 వరకు సాగింది. మహబూబాబాద్, భూపాలపల్లి అటవీ ప్రాంతాలు తర్వాతి దశాబ్దాలలో నక్సలైట్ ఉద్యమాన్ని చూశాయి. ఇటువంటి నేలపై వేగు ఎవరి పక్షాన పనిచేస్తాడన్నది వినోదానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. ఊరూ పేరూ లేని ముఠాను శత్రువుగా నిలిపి గూఢచారి చిత్రం ఆ ప్రశ్నను దాటవేస్తుంది. అభిమాన తార సాహసం ఆ దాటవేతను కనబడనీయదు.

5. ముగింపు:
‘రక్ష’లో తిరిగి వచ్చింది పాత్ర, ‘ఏజెంట్ గోపి’లో తిరిగి వచ్చింది నటుడు. కాబట్టి తెలుగు గూఢచారి చిత్రాన్ని బాండ్ అనుకరణగా తేల్చివేయడం కంటే, అదే తార ధరించిన తిరుగుబాటు పాత్రల పక్కన ఉంచి చదవడం సమంజసం. రాజ్యంతో ప్రేక్షకుడికున్న సంక్లిష్ట సంబంధం అప్పుడే విమర్శకు అందుతుంది.