పసుపెక్కిన హెడ్‌లైటు, వాటర్ పేపర్ పనితనం

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెయింటింగ్ షెడ్డు ముందు పాత కారు ఆపి ఉంది. హెడ్‌లైటు చుట్టూ రెండు వరసలు మాస్కింగ్ టేపు అంటించారు. మేస్త్రి ముందుగా చేసిన పని, దాని మీద మగ్గుతో నీళ్ళు పోయడం. అప్పటిదాకా మజ్జిగ రంగులో ఉన్న అద్దం తడవగానే లోపలి బల్బు స్పష్టంగా కనబడింది. "జబ్బు పైనే ఉంది సార్, దిగుతుంది" అన్నాడాయన. తడిపినా మసక పోలేదంటే లోపల చెమ్మన్నా చేరి ఉండాలి, ప్లాస్టిక్ లోతుగా చిట్లన్నా ఉండాలి. అలాంటిదాన్ని పైన ఎంత రుద్దినా శ్రమే మిగులుతుంది.

మనం అద్దం అంటాం గానీ, అది పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీ వాళ్ళు, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు ఎవరికి వారుగా దీన్ని కనిపెట్టారు. కారు దీపాలకు ముందు గాజే ఉండేది. అమెరికా 1983లో హెడ్‌లైట్ల నిబంధన సడలించాక ప్లాస్టిక్ దీపాలు రోడ్డెక్కాయి. గాజు పసుపెక్కదు, కానీ రాయి తగిలితే పగులుతుంది. పాలీకార్బనేట్ రాయిని తట్టుకుంటుంది, కానీ దాని ఒళ్ళు మెత్తన. ఇట్టే గీతలు పడతాయి. అందుకే ఫ్యాక్టరీలో పైన పలచని గట్టి పూత వేస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ళ తరబడి ఆ పూతను తినేస్తాయి. పూత పోయిన చోట ప్లాస్టిక్ అణువులే మారిపోయి పసుపు తేలుతుంది. మన ఎండల్లో, నీడ లేని చోట నిలిపే బండికి ఈ తిప్పలు తప్పవు. రోజూ ఒకే వైపు ఎండ తగిలే బండిని చూడండి, ఆ వైపు దీపమే ముందు మసకబారుతుంది.

దీనికి విరుగుడు కారు రంగు పని చేసేవాళ్ళకు ఎప్పటినుంచో తెలిసిన రబ్బింగే. 600 లేదా 800 నంబరు వాటర్ పేపరును, అంటే తడిపి వాడే గరుకు కాగితాన్ని, నీళ్ళలో నానబెట్టి, చిన్న రబ్బరు దిమ్మకు చుట్టి రుద్దుతారు. "నీళ్ళు ఆపకురా" అని కుర్రాడికి పదేపదే చెబుతూనే ఉన్నాడు మేస్త్రి. నీళ్ళు ఆగితే రాలిన పొడి పేపరుకు పట్టుకుని కొత్త గీతలు పెడుతుంది. మొదట కారే నీళ్ళు లేత పసుపుగా ఉంటాయి. అవి పాలలా తెల్లబడితే పాత పూత వదిలి అసలు ప్లాస్టిక్ తగిలిందని గుర్తు. అక్కడక్కడా పాత పూత ద్వీపాల్లా మిగిలితే పేపరు జారినట్టు చేతికే తెలుస్తుంది. తర్వాత 1000, ఆపైన 1500. ఒక నంబరుతో అడ్డంగా రుద్దితే, తర్వాతి నంబరుతో నిలువుగా. అప్పుడే ముందటి గీతలు పూర్తిగా పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. ఈ ఓపికలోనే పనివాడి విలువంతా ఉంది.

ఇక్కడి నుంచి దారులు రెండు. 2000, 3000 నంబర్ల దాకా పోయి, కాంపౌండు రాసి బఫింగ్ పెడితే అద్దం అప్పటికప్పుడు తళతళలాడుతుంది. చాలామంది అక్కడే డబ్బిచ్చి బండి తీసుకెళ్తారు. అది సగం పని అని నా గట్టి అభిప్రాయం. పూత లేని ప్లాస్టిక్‌ను తిరిగి ఎండకు అప్పగించినట్టే. కొన్ని నెలల్లో పసుపు మళ్ళీ వస్తుంది.

మా మేస్త్రి 1500 దగ్గరే ఆగాడు. అద్దం ఇంకా తెల్లగా, మొద్దుగా ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో జిడ్డు తీసి, హార్డనర్ కలిపిన క్లియర్ కోటు, అంటే రంగు లేని పూత, పలచగా కొట్టాడు. ఆ సన్నని గీతల్లోకి క్లియర్ ఇంకగానే మొదట నీళ్ళు పోసినప్పుడు చూసిన బల్బే మళ్ళీ కనబడింది. నీళ్ళు ఆరిపోతాయి, క్లియర్ నిలుస్తుంది. ఆ గరుకు ఉంటేనే క్లియర్ పట్టుకుంటుంది. అతిగా నున్నగా చేస్తే పొరలా ఊడుతుంది. హార్డనర్‌లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు చేటు కాబట్టి రసాయనాలను ఆపే మాస్కు లేకుండా ఈ పని ఎవరూ చేయకూడదు. మూతికి చేతిరుమాలు చాలదు.

కొందరు ఇంట్లో టూత్‌పేస్టుతో రుద్దుతారు. అదీ సన్నని రాపిడి పొడే. పైపైన కాస్త తేటపడుతుంది, అంతకు మించి ఆశించకండి. థిన్నర్ మాత్రం ముట్టుకోవద్దు. నా మొదటి కారుకు ఒక చోట థిన్నర్ గుడ్డతో తుడిచారు. ఆ నిమిషానికి మెరిసింది గానీ, తర్వాత సాలెగూడులా సన్నని పగుళ్ళు పాకాయి. ఆ దీపం మార్చక తప్పలేదు. వెనక లైట్లు సాధారణంగా యాక్రిలిక్. అవి అంత తొందరగా పసుపెక్కవు, గీతలు పడితే ఇదే రబ్బింగ్ పనికొస్తుంది.

ఇదంతా అందం కోసమే అనుకునేవాళ్ళు ఒక లెక్క చూడాలి. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో పరీక్షించినప్పుడు, మసకబారిన హెడ్‌లైటు కొత్తదాని వెలుగులో 22 శాతమే ఇచ్చింది. శుభ్రం చేశాక అది సుమారు 70 శాతానికి చేరింది. వీధి దీపాలు లేని రోడ్డు మీద, లైట్లు లేకుండా నిలిచిన ట్రాక్టరు ట్రాలీ ఎంత దూరంలో కనబడుతుందన్నది ఈ తేడా మీదే ఉంటుంది.

ఈసారి హెడ్‌లైట్లు తేట చేయించడానికి వెళ్తే, "బఫింగ్ ఎంత" అని కాకుండా "క్లియర్ కొడతారా" అని అడగండి. పగలు మెరుపు చూసి డబ్బివ్వకండి. రాత్రి గోడ మీదికి లైటు వేసి చూశాకే ఇవ్వండి.