తెర దిగి గోడకెక్కిన తోలుబొమ్మ

ఫ్రేము కట్టించిన తోలుబొమ్మను గోడకు తగిలించి, "బొమ్మ బాగుంది గానీ రంగులే కాస్త మబ్బుగా ఉన్నాయి" అని పెదవి విరిచేవాళ్లను చూస్తుంటాం. బొమ్మలో ఏ లోపమూ లేదు. వెనక దీపం పెడితే పలికే బొమ్మను సున్నం గోడకు అతికిస్తే ఏం పలుకుతుంది?

మా ఊరు తలుపుల ఉన్న శ్రీ సత్యసాయి జిల్లాలోనే, ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. ధర్మవరం అనగానే అందరికీ పట్టుచీరే గుర్తొస్తుంది. ఆ పక్క ఊళ్లో మేకతోలు మీద రామాయణం గీసే కుటుంబాలున్నాయని 2020లో దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ ప్రకటించినప్పుడు గానీ చాలామందికి తెలియలేదు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు అంతకు ముందే, 2008లో వచ్చింది. ఈ కళాకారుల పూర్వీకులు మరాఠీ సీమ నుంచి వచ్చారంటారు. ఇళ్లలో మరాఠీ కలిసిన మాట ఇప్పటికీ వినిపిస్తుంది. తెర వెనక పాడేది మాత్రం అచ్చంగా మన రంగనాథ రామాయణం ద్విపదలే.

పనితనమంతా తోలు దగ్గరే మొదలవుతుంది. చెప్పుల తోలులా దీన్ని ఊనరు. ఊనితే వెలుగు దూరదు. పచ్చితోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు, కొవ్వు గీకేసి, లాగి కట్టి ఆరబెడతారు. నీళ్ల వేడి మరీ ఎక్కువైతే తోలు ముడుచుకుపోతుంది, ఇక అది బొమ్మకు పనికిరాదు. బాగా కుదిరిన తోలు తేనెరంగులో, అవతల పెట్టిన చెయ్యి లీలగా కనిపించేంత పలచగా తేలుతుంది. ఒకప్పుడు దేవుళ్ల బొమ్మలకు జింక తోలు వాడేవారు. వన్యప్రాణి చట్టం వచ్చాక అది పోయి మేకతోలే మిగిలింది.

గీత గీశాక ఉలి పడుతుంది. రాముడి కిరీటాన్నే దగ్గరగా చూడండి: అంచున చుక్కల్లాంటి చిల్లులు, లోపల బియ్యపు గింజల్లాంటి కోతలు, మధ్యలో పువ్వు. నగలన్నీ ఇలా తొలిచినవే. తెర మీద అవి మెరవడానికి కారణం రంగు కాదు, ఆ చిల్లుల్లోంచి దూకే వెలుగు. ఒక్క చిల్లు పక్కకు జరిగితే చెరిపేసి దిద్దడానికి లేదు. రంగు రెండు వైపులా వేస్తారు, అప్పుడే తెర మీద నిండుగా పడుతుంది. తర్వాత భుజం, మోచెయ్యి, మోకాలు వేరువేరు ముక్కలుగా కోసి దారంతో ముడివేస్తారు. నాట్యగత్తె బొమ్మకైతే మెడ, నడుము దగ్గర కూడా కీళ్లుంటాయి. నిలువునా చీల్చిన వెదురుబద్ద మధ్య బొమ్మను బిగిస్తే ఆటకు సిద్ధం. జావాలోని వాయాంగ్ కులిత్ తోలుబొమ్మలు ప్రపంచమంతా పేరు పొందాయి. వాటి పక్కన నిలబెడితే నిలువెత్తు దాకా ఉండే మన బొమ్మలు రాక్షసుల్లా కనిపిస్తాయి!

తెర వెనక మొదట ఆముదం దీపాలు, తర్వాత పెట్రోమాక్సు, ఆ తర్వాత కరెంటు బల్బు. యుద్ధం వస్తే కాళ్ల కింద చెక్కలు దబదబలాడేవి. కథ బరువెక్కినప్పుడల్లా బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు తగాదాకు దిగి జనాన్ని నవ్వించేవారు. పిల్లల్ని పక్కన పెట్టుకుని వినలేని హాస్యం కొంత ఉండేది, అయినా పిల్లలే ముందు వరసలో కూర్చునేవారు. సినిమా, ఆపైన టీవీ వచ్చి ఆ రాత్రుల్ని తీసుకుపోయాయి.

ఇప్పుడు నిమ్మలకుంటలో అదే ఉలి లాంప్‌షేడ్లు, గోడబొమ్మలు, తలుపు తెరలు చేస్తోంది. కళ పలచబడిందని దీన్ని ఈసడించేవారున్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. ఆట లేక పూట గడవని ఇంట్లో ఉలి పట్టే చెయ్యి ఎన్నాళ్లు నిలుస్తుంది? కీళ్లు, కథ, గొంతు పోయిన మాట నిజమే. తోలు తీసే తీరు, తొలిచే నేర్పు మాత్రం ఈ గోడబొమ్మల వల్లే తర్వాతి తరానికి అందుతున్నాయి. ఒక విధంగా ఫ్రేము కన్నా లాంప్‌షేడే అసలు ఆటకు దగ్గర, లోపల దీపం ఉంటుంది కాబట్టి.

కొనదలచినవారు బొమ్మను వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. రంగు రెండు వైపులా ఉందా, చిల్లుల అంచు వేలికి తగులుతోందా గమనించండి. అచ్చు వేసిన కాగితానికి ఈ రెండూ ఉండవు. ఫ్రేము కట్టించేటప్పుడు వెనక అట్ట వద్దని, రెండు వైపులా అద్దమే వెయ్యమని చెప్పండి. నేరుగా ఎండ పడితే రంగు వెలుస్తుంది, తేమ తగిలితే తోలు వంకర పోతుంది. అందుకని నీడపట్టున వేలాడదీసి, వెనక చిన్న బల్బు పెట్టండి. వీలైతే ధర్మవరం దాకా వెళ్లి, చేసినవాళ్ల దగ్గరే కొనండి.