టోపీ కింద కళ్లు

శనివారం మా వెంబ్లీలోని ఈలింగ్ రోడ్డుకు వెళ్తే బెండకాయలతోపాటు ‘డెయిలీ మిర్రర్’ కూడా సంచిలో వేసుకొస్తాను. ఇంటికి రాగానే ముందు ఆండీ క్యాప్ బొమ్మల పేజీ తీస్తాను. ఈ అలవాటు నాన్నది. ‘ఈనాడు’ రాగానే ఆయన వార్తలకన్నా ముందు శ్రీధర్ కార్టూన్ ‘ఇదీ సంగతి’ చూసేవారు.

ఆండీని రెగ్ స్మైత్ 1957లో మొదలుపెట్టారు. ఆండీ ఊరు ఇంగ్లండ్ ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న హార్టిల్‌పూల్. ఆండీకి పనీపాటా లేదు. పబ్బు ఉంది, సోఫా ఉంది, భార్య ఫ్లో ఉంది. టోపీ ఎప్పుడూ కళ్ల మీదికే దిగి ఉంటుంది. కళ్లు కనబడని మనిషికి కోపమూ బెరుకూ ఎలా తెప్పిస్తారు? ఓ పాత సంపుటం ముందు పెట్టుకుని చాలాసేపు చూశాను. మొదటి గడిలో ఛాతీ విరుచుకుని ఉన్నాడు. చివరి గడిలో భుజాలు గింజంత కిందికి జారాయి. ఓడిపోయాడని అర్థమైపోయింది. ఆ గింజంత తేడా పట్టుకోవడమే స్మైత్ పనితనం.

నేనొచ్చాక వెంబ్లీ ఎంత మారిందో! స్టేడియం జంట గోపురాలు 2003లో కూల్చేశారు, ఇప్పుడు ఆకాశంలో 133 మీటర్ల కమాను. ఆండీ మాత్రం అదే సోఫాలో పడుకుని ఉన్నాడు. సొంతూరు వదిలొచ్చినవాళ్లకు అది చిన్న సంగతి కాదు.

కానీ తొలి ఏళ్ల గడుల్లో ఆండీ ఫ్లోని కొట్టేవాడు. ఆమె నేల మీద పడి ఉంటే పాఠకులు నవ్వాలి. నాకు నవ్వు రాదు, ఆ పేజీ తిప్పేస్తాను. తర్వాత్తర్వాత ఆ దెబ్బలు ఆగాయి, నోట్లో సిగరెట్టూ పోయింది. మంచిదే. ఫ్లో తిన్న దెబ్బల గురించి మాత్రం ఆ సోఫాలో ఎవరూ మాట్లాడరు. ఏ రోజుకారోజు కొత్తగా మొదలయ్యే కథకు నిన్న గుర్తుండదు. మనకు హాయినిచ్చే గుణమే దాని లోపం కూడా.

స్మైత్ 1998లో పోయారు. అప్పటినుంచి వేరేవాళ్ల చేతులు గీస్తున్నాయి. అమెరికాలో ‘పీనట్స్’ గీసిన షుల్జ్ తన తర్వాత ఎవరూ గీయకూడదన్నారు. ఆయన చివరి ఆదివారం బొమ్మ 2000 ఫిబ్రవరి 13న అచ్చయింది, ముందురోజు రాత్రే ఆయన కన్నుమూశారు. నా మనసు షుల్జ్ వైపే.

40 ఏళ్లు గీసిన శ్రీధర్ 2021లో ‘ఈనాడు’ వదిలేశారు. నాన్న చాలా రోజులు పేపరు విప్పగానే ఆ చోటే వెతుక్కునేవారట, అమ్మ చెప్పింది. ఫోన్లో అడిగితే, “ఇంకొకళ్లు గీస్తే నేను చూడనమ్మా” అన్నారు. అప్పట్నుంచి ఆండీని చూసే ముందు, కింద ఎవరి సంతకం ఉందో చూస్తున్నాను.