పిడి తిప్పిన చెయ్యి

హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీమ్ తిని ఆహా అన్నవాళ్ళు కొల్లలు. దాన్ని తిప్పిన చెయ్యిని చూసినవాళ్ళు మాత్రం అరుదు. మా చాచా కుడి మణికట్టు ఎడమదానికంటే లావు. అరచెయ్యి నిండా కాయలు. మీసాలు రాకముందు పిడి పట్టిన మనిషికి ఇప్పుడు డెబ్భై దాటాయి. ఏ దుకాణంలో పనిచేశాడో రాయొద్దన్నాడు కనుక రాయను.

మార్కెట్‌ను 1935లో కట్టారు. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. చాలాకాలం నగరానికి పండ్ల మండీ ఇదే, తరువాత అది గడ్డిఅన్నారం వెళ్ళిపోయింది. పండ్ల లారీలు పోయినా పండును ఐస్‌క్రీమ్ చేసే విద్య ఇక్కడే ఉండిపోయింది. ఫేమస్ ఐస్‌క్రీమ్ దుకాణం 1951 నాటిది. పక్కనున్న షా, బిలాల్ దుకాణాల అభిమానులు వేరే. ఏది గొప్పదన్న దాని మీద అన్నదమ్ములు వాదులాడుకున్న ఇళ్ళున్నాయి. నాది ఫేమస్ పక్షం, దాచడమెందుకు?

పనిముట్లు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఒక చెక్క పీపా, అందులో నిలబెట్టే డబ్బా, డబ్బాలో తెడ్డు, పైన పిడి. పీపాకూ డబ్బాకూ నడుమ ఐసు, దొడ్డుప్పు. చక్కెర కలిసిన పాలు సున్నా డిగ్రీలకు గడ్డకట్టవు. ఉప్పు పడ్డ ఐసు కరుగుతూనే ఇంకా చల్లబడుతుంది. పాళ్ళు కుదిరితే మైనస్ 21 దాకా దిగగలదు. కానీ ఈ లెక్క ఎవరైనా నేర్చుకోవచ్చు. విద్యంతా తిప్పడంలో ఉంది. డబ్బా గోడకు పాలు పలుకు కట్టేలోపే తెడ్డు దాన్ని గీకి లోపలికి తేవాలి. చెయ్యి ఆగిందా, పలుకులు పెద్దవై నాలుకకు ఇసుకలా తగులుతాయి. చిక్కబడేకొద్దీ పిడి బరువెక్కుతుంది, ప్రాణం విసిగేది అప్పుడే, ఆపకూడనిదీ అప్పుడే. చాచా మూత తీసి చూడడు. పిడి ఎంత మొండికేస్తోందో చూసి, అయిపోయిందంటాడు. ఆ మాట తప్పడం నేను చూడలేదు. ఆయనకు భయమల్లా ఉప్పునీళ్ళంటేనే. మూత అంచు కింద నుంచి కాస్త జారినా డబ్బా మొత్తం పారబోయాల్సిందే.

మామిడి ఎవరి చేతిలోనైనా మంచిదే, దానికి ఉస్తాదు అక్కర్లేదంటాడు చాచా. మనిషిని పరీక్షించేది సీతాఫలం. ఆ గుజ్జుకు వేడి తగిలితే చేదెక్కుతుంది. అందుకే పాలు మరిగించి, పూర్తిగా చల్లారాకే కలపాలి. గింజలు చేత్తోనే తియ్యాలి, తొనల పలుకు చెదరకూడదు. పాలమూరు వైపు బాలానగర్ కాయ దొరికితే చాచా ముఖం వెలిగిపోతుంది. ఆయన చేసిన ఐస్‌క్రీమ్‌లో తొన తొనగానే పంటికి తగిలేది. అంతటి పనితనం నేను మరోచోట ఎరగను!

ఇప్పుడు మోటార్లొచ్చాయి. భుజం అరిగిన మనిషిగా చాచా మోటారును తిట్టడు. ఆయన కోపం, నా కోపం, నకిలీల మీద. పండు మొహం చూడని ఎసెన్సు సీసా ఒకటి, రంగు ఒకటి, పైన ‘నేచురల్’ అని బోర్డు. ఐస్‌క్రీమ్ అనాలంటే పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలన్నది నిబంధన. పాల కొవ్వు బదులు వంటనూనె కొవ్వు వేసినదాన్ని ‘ఫ్రోజెన్ డెసర్ట్’ అనాలి. ఆ ముక్క డబ్బా మీద ఉంటుంది, చదివేదెవరు? ఇంకో వింత వినండి. లీటరు ఐస్‌క్రీమ్ 525 గ్రాములు తూగితే చాలు. అంటే డబ్బాలో దాదాపు సగం గాలి ఉన్నా చట్టానికి అభ్యంతరం లేదు. గాలి అమ్ముకునేవాడికి చేతులు అరగవు మరి!

2020 ఆగస్టులో మార్కెట్‌ను బాగుచేసి తెరిచారు. రాళ్ళు కడిగారు, దీపాలు పెట్టారు, సంతోషమే. రాళ్ళకు జరిగిన మర్యాద చేతులకు ఎందుకు జరగలేదు? బీదర్‌లో బిద్రీ లోహపు నగిషీ పనిచేసే షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు, న్యాయమే. అరగంటలో కరిగిపోతుంది గనుక చాచాది పనితనం కాదంటారా? ఆయన కొడుకులెవరూ పిడి పట్టలేదు. పట్టమని ఆయనా అడగలేదు. ఆ కూలికి ఇంత కష్టం ఎవరు పడతారు?

సీతాఫలం సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వస్తుంది. ఈసారి వెళ్ళినప్పుడు ఇది ఎవరు తిప్పారని అడగండి, వీలైతే ఆ మనిషిని పలకరించండి. ఇంటికి తెచ్చే డబ్బా మీద ‘ఫ్రోజెన్ డెసర్ట్’ అని ఉంటే మాత్రం మొహమాటపడకుండా తిరిగిచ్చేయండి.