రెండో ట్రయల్ అడగండి

సింగపూర్‌లో బట్టలు కుట్టించుకోవాలనుకునే మనవాళ్లకు నేను చెప్పే మాట ఒకటే: దిగిన రోజే దర్జీ దగ్గరికి వెళ్లండి, ఊరు తర్వాత చూడొచ్చు. గుడ్డ కంటే, ధర కంటే అక్కడ మనకు తక్కువగా ఉండేది వ్యవధి.

ఒక్క రోజులో సూటు ఇస్తామనే మాట ఈ ఊళ్లోనే కాదు, బ్యాంకాక్‌లో, హాంకాంగ్‌లో కూడా వినిపిస్తుంది. ఇస్తారు కూడా. ఆ తొందరలో ముందుగా ఎగిరిపోయేది ట్రయల్. టేపు చుట్టుకొలతే చెబుతుంది. కుడి భుజం కాస్త కిందికి వాలిందని, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని వీపు వంగిందని దానికి తెలియదు. సగం కుట్టిన కోటు ఒంటి మీద వేసి, అద్దం ముందు నిలబెట్టి, దర్జీ ఓ అడుగు వెనక్కి వేసి చూసినప్పుడే అవి బయటపడతాయి. అప్పటికి చేతులు టాకాల మీదే ఉంటాయి కాబట్టి విప్పి సరిచేయడం తేలిక. పూర్తయ్యాక చేతుల పొడవు తగ్గించొచ్చు, నడుము దగ్గర బిగించొచ్చు. భుజం తేడా వస్తే మాత్రం కోటు సగం విప్పాల్సిందే.

కోటు ఛాతీ లోపల ఏముందో కూడా అడగాలి. తొందరగా ఇచ్చే కోట్లలో ఎక్కువగా ఇస్త్రీ వేడితో అతికించే అస్తరు వాడతారు. గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాస్‌ను చేత్తో కుట్టడానికి గంటలు పడుతుంది. కానీ వేసుకునేకొద్దీ అది మన ఒంటి తీరుకు ఒదుగుతుంది. నా దృష్టిలో డబ్బు పెట్టాల్సింది అక్కడే, మెరిసే లైనింగు మీద కాదు.

ఆడవాళ్ల పని ఇంకో చోట. లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్ కింద చేపలు, కూరగాయలు, తిండి దుకాణాలు. మెట్లెక్కితే చీరలు, సల్వార్ల కొట్లు, వాటి పక్కనే కుట్టు మిషన్లు. దర్జీ తమిళంలో అడుగుతాడు, మనం తెలుగులో చెబుతాం, మధ్యలో ఆది జాకెట్టు బల్ల మీద పరిస్తే ఇద్దరికీ పని సులువవుతుంది. చంక ఎంత లోతు, మెడ ఎంత దించాలి అన్నది ఆ పాత జాకెట్టే చెబుతుంది. మగవాళ్లకూ ఇదే నా సలహా. బాగా నప్పిన చొక్కా ఒకటి పెట్టెలో పెట్టుకెళ్లండి. అయితే అది ఎక్కడ బిగుతుగా ఉందో, ఎక్కడ వదులైందో ముందే చెప్పాలి, లేకపోతే ఆ లోపం కూడా కొత్తదాంట్లోకి వచ్చేస్తుంది.

సింగపూర్ తొలి ప్రధాని లీ క్వాన్ యూకు చొక్కాలు కుట్టిన సీవైసీ దుకాణం 1935లో మొదలైంది. అలాంటి దుకాణాలు నిలబడేది మళ్లీ మళ్లీ వచ్చే ఊరివాళ్ల వల్ల. కాలర్ బిగుతైతే వచ్చే వారం తెచ్చి చూపించే వీలు వాళ్లకుంది. విమానం ఎక్కేసే మనకు లేదు. ఆ లోటు కొంతైనా తీరాలంటే రెండో ట్రయల్ కావాలని బయానా ఇచ్చేటప్పుడే చెప్పి, తేదీ రసీదు మీద రాయించుకోవాలి. పక్క కుట్ల దగ్గర లోపల గుడ్డ ఎక్కువ వదలమని అడగాలి. ఆ గుడ్డ ఉంటే రేపు ఒళ్లు వచ్చినా విజయవాడలోనో, వరంగల్‌లోనో మన వీధి టైలరే వదులు చేసిపెడతాడు.