పరాయి పెదవికి సొంత గొంతు

"నీ గొంతు భలే ఉంది, డబ్బింగ్‌లో ప్రయత్నించకూడదూ?" అనే స్నేహితుడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. ఆ ఒక్క మాట పట్టుకుని హైదరాబాద్‌లో సినిమావాళ్ల కృష్ణానగర్ దారి పట్టినవాళ్లు ఎందరో. ఆ మాటలో నిజం సగమే. మంచి గొంతు పుట్టుకతో రావచ్చు. డబ్బింగ్ మాత్రం పుట్టుకతో రాదు. అది గొంతుతో చేసే పనే అయినా, నేర్చుకోవలసింది చెవితో. ఈ పనిని జీవనోపాధిగా ఎంచుకోవాలనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇదే.

తెర వెనుక పాత కథ

తెర వెనుక నిలబడి మరొకరికి మాట ఇవ్వడం తెలుగువాళ్లకు సినిమాతో వచ్చిన విద్య కాదు. తోలుబొమ్మలాటలో తెల్లటి గుడ్డ వెనుక దీపం వెలుగులో నిలబడ్డ కళాకారుడు రాముడై పలికి, మరుక్షణం రావణుడై గర్జిస్తాడు. మధ్యలో హాస్యపాత్రలైన కేతిగాడు, బంగారక్క వస్తే గొంతే కాదు, యాస కూడా మారిపోతుంది. బొమ్మకు పెదవులు కదలవు. అయినా చూసేవాళ్లకు బొమ్మే మాట్లాడినట్టుంటుంది. నిమ్మలకుంట కళాకారుల చేతుల్లో ఆ విద్య ఈనాటికీ బతికి ఉంది.

తర్వాత రేడియో వచ్చింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. నండూరి సుబ్బారావు, హైదరాబాద్ కేంద్రంలో శారదా శ్రీనివాసన్ వంటివారు ముఖం చూపించకుండానే శ్రోతలను నవ్వించారు, ఏడిపించారు. తలుపు తీసిన చప్పుడు, ఒక నిట్టూర్పు, మాటకూ మాటకూ మధ్య చిన్న విరామం. ఇంతే సామగ్రితో ఒక ఇల్లు, ఒక సంసారం వినేవాడి మనసులో రూపుకట్టేవి. గొంతుతో నటించడానికి తెలుగులో అంతకు మించిన బడి లేదు.

1950లో 'ఆహుతి' వచ్చింది. హిందీ నుంచి తెలుగులోకి వచ్చిన ఈ చిత్రాన్నే తొలి తెలుగు డబ్బింగ్ సినిమాగా చెబుతారు. దానికి మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీ. అంటే తెలుగు డబ్బింగ్ పుట్టుకలోనే ఒక మహాకవి చెయ్యి ఉంది. అది యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఈ పనికి ఛందస్సు తెలిసిన చెవి ఎంత అవసరమో చూస్తే, అలా జరగడం సహజమే అనిపిస్తుంది.

పెదవుల లెక్క

డబ్బింగ్ రచయితకు మొదటి శత్రువులు ఐదు అక్షరాలు: ప, ఫ, బ, భ, మ. ఇవి పలకాలంటే పెదవులు కలవాలి. తెరమీద నటుడి పెదవులు కలిసిన చోట మన మాటలో వీటిలో ఒకటి పడాలి. అతని పెదవులు కలవని చోట వీటిలో ఏదీ పడకూడదు. మన ప్రాచీన కవులు పెదవులు తగలకుండా చదవగలిగే నిరోష్ఠ్య కావ్యాలు రాశారు. మరింగంటి సింగరాచార్యులు రామకథనే అలా చెప్పారు. ఆ కవి తన నియమాన్ని తానే పెట్టుకున్నాడు. డబ్బింగ్ రచయితకు ఆ నియమాన్ని ఎక్కడో మరో భాషలో మాట్లాడిన నటుడి నోరు పెడుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. ఆంగ్ల చిత్రంలో విలన్ "ఐ విల్ కిల్ యూ" అన్నాడు. 'కిల్' దగ్గర వేలు చూపించాడు. "నిన్ను చంపేస్తాను" అని రాస్తే రెండు తప్పులు. బలమైన మాట వాక్యం చివరికి జారి, వేలు ముందే దిగిపోతుంది. పైగా 'చంపే' దగ్గర పెదవులు కలుస్తాయి, తెరమీద కలవవు. "నరికేస్తా నిన్ను" అంటే పెదవులు ఎక్కడా కలవవు, బలమైన మాట ముందుకొస్తుంది, అది తెలుగువాడు కోపంలో అనే మాటే అవుతుంది. కర్త, కర్మ, క్రియల వరుస మార్చినా అర్థం చెడకపోవడం తెలుగుకున్న వరం. ఆ వరాన్ని వాడుకోవడం తెలియాలి.

తమిళం నుంచి వచ్చేటప్పుడు చిక్కు వేరు. వాక్య నిర్మాణం మనలాంటిదే. కానీ మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, వాక్యం అయ్యేసరికి నోరు తెరిచి ఉంటుంది. తమిళంలో 'వరుం', 'పోగుం' వంటి క్రియలు మకారంతో ముగిసి పెదవులు మూసుకుంటాయి. అక్కడ "వస్తుంది" అంటే కుదరదు, "రావడం ఖాయం" అంటే కుదురుతుంది. మామూలు మాటల్లో చివరి సున్నాను మనం సగం మింగేస్తాం. మైకు ముందు దాన్ని పెదవులు కలిపి నిండుగా పలకాలి.

దీనికి తోడు మన భాషలో అచ్చు సాగితే అర్థం మారుతుంది, హల్లు వత్తితే అర్థం మారుతుంది. కలం వేరు, కాలం వేరు. గుడి వేరు, గుడ్డి వేరు. నోరు ఇంకా కదులుతోంది కదా అని ఎక్కడపడితే అక్కడ సాగదీయడానికి వీల్లేదు. ఏ మాటను సాగదీయవచ్చో, ఎక్కడ 'అసలు', 'మరి', 'అంటే' వంటి చిన్న మాట చేర్చవచ్చో తెలిసినవాడే గట్టెక్కుతాడు. దూరపు దృశ్యంలో తప్పు దాగుతుంది. ముఖం తెరనిండా ఉన్నప్పుడు ఏదీ దాగదు.

ఊపిరి అరువు తెచ్చుకోవడం

పెదవులు కుదిరితే పని అయిపోయినట్టు కాదు, అక్కడితో మొదలవుతుంది. కొత్తవాళ్లు మాట దగ్గర పట్టుబడరు, ఊపిరి దగ్గర పట్టుబడతారు. తెరమీద మనిషి మెట్లెక్కి వచ్చి మాట్లాడుతుంటాడు. డబ్బింగ్ కళాకారుడు కదలకుండా నిలబడి ఉంటాడు. ఆ ఆయాసం మాటలో లేకపోతే గొంతు ఒకచోట, మనిషి ఒకచోట ఉంటారు. ఏడుపు మాటతో మొదలవదు, లోపలికి పీల్చిన గాలితో మొదలవుతుంది. నటుడు ఎక్కడ ఊపిరి తీశాడో గమనించి అక్కడే తీయడం ఈ పనిలో సగం.

అందుకే అనుభవజ్ఞులు మొదటిసారి దృశ్యాన్ని చూసేటప్పుడు మాటల కాగితం వైపు చూడరు. నటుడి కళ్లు, మెడ, భుజాలు చూస్తారు. రెండోసారి అసలు గొంతు వింటారు. ఆ తర్వాతే నోరు విప్పుతారు. రహస్యం చెప్పే మాటకు మైకు దగ్గరకు జరుగుతారు, అరుపుకు ఒక అడుగు వెనక్కి వేసి ముఖం కొంచెం పక్కకు తిప్పుతారు. గాజులు, గరగరలాడే చీరలు బయటే వదిలి వస్తారు. అరుపుల సన్నివేశాలు రోజు చివర పెట్టుకోవడం గొంతును కాపాడుకునే పద్ధతి. ముందే అరిచి గొంతు బొంగురుపోతే మిగిలిన రోజంతా వృథా.

ఒకప్పుడు ఫిల్మును చిన్న ముక్కలుగా కత్తిరించి, చివరలు అతికించి, చుట్టలా తిప్పుతూ అదే దృశ్యాన్ని మళ్లీ మళ్లీ వేసేవారు. దాన్నే లూప్ అనేవారు. ఆ సన్నివేశంలో ఉన్న నలుగురూ ఒకే మైకు చుట్టూ నిలబడేవారు. ఒకరు తడబడితే నలుగురూ మొదటికి రావాలి. ఇప్పుడు ఎవరి భాగం వాళ్లు విడిగా చెప్పి వెళ్లవచ్చు, ఒక్క పదం తప్పితే ఆ పదమే సరిచేయవచ్చు. సౌకర్యం పెరిగింది. ఎదుటి మనిషి గొంతుకు స్పందించే అవకాశం తగ్గింది. లేని మనిషిని ఊహించుకుని మాట్లాడటం నేటి కళాకారుడికి అదనపు పరీక్ష.

గొంతులు తెచ్చిన గౌరవం

మన దగ్గర డబ్బింగ్ అంటే పరభాషా చిత్రాలకే కాదు. తెలుగు రాని నాయికలకు, విలన్లకు నేరుగా తెలుగు సినిమాలోనే గొంతు అరువిస్తారు. పి.జె. శర్మ ఇంట్లో ఇది కుటుంబ విద్య అయింది. ఆయన పెద్దకొడుకు సాయికుమార్ సుమన్‌కు, రాజశేఖర్‌కు గొంతయ్యారు. 1996లో కన్నడ 'పోలీస్ స్టోరీ'తో తానే కథానాయకుడయ్యారు. మరో కొడుకు రవిశంకర్ 2009లో 'అరుంధతి'లో సోనూ సూద్‌కు ఇచ్చిన గొంతుతో 'బొమ్మాళి'ని ఇంటిపేరుగా సంపాదించుకున్నారు. 'భక్త ప్రహ్లాద'లో బాలనటిగా మెప్పించిన రోజారమణి పెద్దయ్యాక ఎందరో నాయికలకు మాట ఇచ్చారు. 2010లో 'ఏ మాయ చేసావె'లో సమంతకు చిన్మయి ఇచ్చిన గొంతు నంది పురస్కారం అందుకుంది.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఈ విద్యకు ఒక పాఠ్యగ్రంథం. కమల్‌హాసన్‌కు ఎన్నో ఏళ్లు తెలుగు గొంతు ఆయనే. 'అన్నమయ్య'లో వేంకటేశ్వరుడిగా సుమన్ నోట వినిపించింది ఆయన మాటే. 2008లో 'దశావతారం' తెలుగులో కమల్ వేసిన పది పాత్రల్లో ఏడింటికి, అందులో ఒక ముసలమ్మతో సహా, ఆయనే పలికారు. ఒకే గొంతు ఏడుగురు మనుషులు కావడానికి కారణం గొంతు గొప్పతనం ఒక్కటే కాదు. ఏడుగురు ఏడు రకాలుగా ఎలా ఆలోచిస్తారో ఆయనకు తెలియడం.

మరోవైపు, సూర్య, అజిత్, విక్రమ్ తెలుగు మాటలుగా మనం విన్నవాటిలో ఎన్నో శ్రీనివాసమూర్తివి. 2023 జనవరిలో ఆయన కన్నుమూశాకే ఎందరికో ఆ గొంతు వెనుక ముఖం తెలిసింది. ఇది ఈ వృత్తిలోని బాధ.

ఈ దారిలో నడవాలంటే

సినిమా ఒక్కటే గమ్యం అనుకోకండి. ఇతర భాషల సీరియళ్లు, కార్టూన్లు, ఓటీటీ చిత్రాలు, ప్రకటనలు, ఆడియో పుస్తకాలు, పాఠాలు, మెట్రో ప్రకటనల దాకా గొంతు కావలసిన చోట్లు పెరిగాయి. సినిమాలో చాలామంది గుంపు గొంతులతో మొదలుపెడతారు: సంతలో కేకలు, పెళ్లిలో కబుర్లు, స్టేషన్‌లో కానిస్టేబుల్ ఒక్క మాట. ఆ ఒక్క మాటను శ్రద్ధగా పలికినవాడికే రెండో మాట దొరుకుతుంది. చెన్నైలో, హైదరాబాద్‌లో కళాకారుల యూనియన్లు ఉన్నాయి. సభ్యత్వ నియమాలు నేరుగా అక్కడే కనుక్కోండి. అవకాశం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. మొదటి రెండు మూడేళ్లు మరో సంపాదన ఉంచుకోవడం పిరికితనం కాదు, వివేకం.

మీ యాసను దాచుకోకండి. పాలమూరు, సిక్కోలు, కడప మాట సహజంగా పలికేవాళ్ల అవసరం నేడు ఎక్కువే. అయితే 'ళ'కూ 'ల'కూ, 'శ'కూ 'స'కూ తేడా పలకడం కూడా రావాలి. రెండూ తెలిసినవాడే ఏది ఎక్కడ వాడాలో ఎంచుకోగలడు.

ఇక యంత్రం గొంతు. కృత్రిమ మేధ ఇవాళ మనిషి గొంతును అచ్చుగుద్దినట్టు తయారుచేస్తోంది. అనుమతి లేకుండా బాలసుబ్రహ్మణ్యం గొంతును అలా పుట్టించారంటూ ఆయన కుటుంబం 2024లో ఒక తెలుగు సినిమావారికి నోటీసు పంపింది. 2024లోనే గాయకుడు అరిజిత్ సింగ్ గొంతుకు బొంబాయి హైకోర్టు రక్షణ కల్పించింది. కాబట్టి ఒప్పందం మీద సంతకం పెట్టేముందు, మీ గొంతును యంత్రానికి నేర్పడానికి వాడతారా అని తప్పక అడగండి. ఆ సంగతి కాగితం మీద రాయించుకోండి. సమాచారం చదివి వినిపించే పనులు యంత్రానికి పోవచ్చు. ఏడవబోయి ఆపుకున్న మనిషి ఊపిరి ఎక్కడ ఆగుతుందో మాత్రం, ఆపుకున్న మనిషికే తెలుసు.

ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. ఒక తెలుగు కథ తీసుకుని అరగంట పైకి చదవండి. ఫోన్‌లో రికార్డు చేసి, మరునాడు పొద్దున పరాయివాళ్ల గొంతు విన్నట్టు వినండి. తప్పులు మీకే వినబడతాయి. అలా వంద రోజులు చదివి, వందో రోజు కూడా ఆ పని మీద ఇష్టం తగ్గకపోతే, ఈ వృత్తి మీది.